పిన్‌బాల్ యంత్రానికి కొత్త గొంతు

వాలుగా అమర్చిన బల్ల. దానిపై గాజు పలక. లోపల ఉక్కు గోళీ ఒకటి గుబ్బలకు తగిలి ఎగిరిపడుతూ దొర్లుతుంటుంది. అది కింది గుంటలో పడిపోకుండా రెండు చిన్న రెక్కలతో కొడుతూ ఉండాలి. ఇదే పిన్‌బాల్ ఆట. ఈ యంత్రాల తయారీకి అమెరికాలోని షికాగో నగరం పేరుపొందింది. ఆటకు ప్రాణమైన ఆ రెక్కలు 1947లో 'హంప్టీ డంప్టీ' అనే యంత్రంతో వచ్చాయి.

మొదట్లో ఈ యంత్రాలకు గంటలే గొంతు. గోళీ తగలగానే విద్యుదయస్కాంతం ఒక కడ్డీని లాగి గంటను మోగించేది. 1970ల చివరలో ఎలక్ట్రానిక్ ధ్వనులు వచ్చాయి. 1979లో విలియమ్స్ కంపెనీ తెచ్చిన 'గోర్గార్' ఏకంగా మాట్లాడింది! దానికి వచ్చినవి ఏడే మాటలు. అంటే, గంట ఉన్నచోటికి లౌడ్‌స్పీకరు వచ్చిందన్నమాట.

అలాంటి పాత యంత్రాలను ఇంట్లో పెట్టుకొని ఆడుకునేవారు ఉన్నారు. ఏళ్ళు గడిచేసరికి స్పీకరులోని కాగితం చిరిగి, శబ్దం గరగరలాడుతుంది. అంగడికి వెళ్ళి పెద్ద స్పీకరు తెచ్చి బిగిస్తే సరిపోదా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

స్పీకరు లోపల

స్పీకరు వెనుక ఒక శాశ్వత అయస్కాంతం ఉంటుంది. దాని సన్నని సందులో తీగచుట్ట వేలాడుతుంటుంది. ఆ తీగచుట్టకు కాగితపు శంకువు అతికించి ఉంటుంది. తీగచుట్టలో విద్యుత్తు ఒక దిశలో ప్రవహిస్తే శంకువు ముందుకు, దిశ మారితే వెనక్కు కదులుతుంది. సెకనుకు 200 సార్లు ఇలా ఊగితే, గాలి కూడా 200 సార్లు కంపిస్తుంది. అదే మనకు వినిపించే శబ్దం. ఈ రకం స్పీకరును నేటి రూపానికి తెచ్చినవారు అమెరికా ఇంజనీర్లు రైస్, కెల్లాగ్. వారు తమ పరిశోధనను 1925లో ప్రకటించారు.

ఓమ్‌ల లెక్క

స్పీకరు మీద 8 ఓమ్‌లు అనో, 4 ఓమ్‌లు అనో రాసి ఉంటుంది. యాంప్లిఫయరు 8 వోల్టులు ఇస్తున్నదనుకోండి. 8 ఓమ్‌ల స్పీకరులో 1 ఆంపియరు ప్రవహిస్తుంది. సామర్థ్యం 8 వాట్లు. దాని బదులు 4 ఓమ్‌లది తగిలిస్తే 2 ఆంపియర్లు, 16 వాట్లు! శబ్దం పెరిగిందని సంతోషించేలోగా యాంప్లిఫయరులోని ట్రాన్సిస్టర్లు వేడెక్కి మాడిపోవచ్చు. అందుకే పాతదాని మీద ఎన్ని ఓమ్‌లు ఉన్నాయో చూసి, అన్నే ఓమ్‌లున్న కొత్తదాన్ని తీసుకోవాలి. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను సమాంతరంగా కలిపినా 4 ఓమ్‌లే అవుతాయి సుమా!

మరి శబ్దం పెంచేదెలా? 1 వాటు ఇచ్చినప్పుడు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందో స్పీకరు వివరాలలో ఉంటుంది. 3 డెసిబెల్‌లు పెరిగితే, సామర్థ్యం రెట్టింపు చేసినట్టే. పాతది 87, కొత్తది 90 అయితే, అవే 8 వాట్లతో 16 వాట్లంత శబ్దం వస్తుంది. యాంప్లిఫయరు మీద అదనపు భారం ఏమీ పడదు.

మీరే చేసి చూడండి

పాడైపోయిన రేడియోలోంచి తీసిన స్పీకరు ఉంటే, దాని కొనలకు 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంపాటు తాకించండి. 'టక్' మంటూ శంకువు ముందుకో, వెనక్కో కదులుతుంది. బ్యాటరీ కొనలు తారుమారు చేయండి. కదలిక కూడా తారుమారవుతుంది. యంత్రంలో రెండు స్పీకర్లుంటే, రెండూ ఒకేసారి ముందుకు కదిలేలా తీగలు కలపాలి. లేకపోతే ఒకటి గాలిని నెడుతుంటే రెండవది లాగుతుంది. మంద్ర స్వరాలు మాయమవుతాయి.

పాడుతున్న స్పీకరును చేత్తో పట్టుకొని వింటే శబ్దం పలచగా ఉంటుంది. శంకువు ముందు నుంచి, వెనుక నుంచి వచ్చే తరంగాలు కలిసి ఒకదానినొకటి చంపుకోవడమే దీనికి కారణం. పెద్ద అట్టకు రంధ్రం చేసి, స్పీకరును దానికి ఆనించి వినండి. శబ్దం నిండుగా మారుతుంది. పిన్‌బాల్ యంత్రంలో ఈ అట్ట పని చేసేది దాని చెక్కపెట్టే.

ఒక హెచ్చరిక. ఇంటి కరెంటుతో నడిచే ఏ యంత్రాన్నయినా మీరు ఒంటరిగా విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆ పని తెలిసిన పెద్దలకు వదిలి, ఓమ్‌ల లెక్క మాత్రం మీరు చేసిపెట్టండి.