అలల దీవిలో మీ బస ఎక్కడ?

పొద్దున్నే కంపెనీ బస్సుల హారన్లు, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు వేళకాని వేళ వంట, గాలి తిరిగినప్పుడల్లా ముక్కు మూసుకోవాల్సిన రసాయనాల వాసన... బొంతపల్లి, గడ్డపోతారం, పటాన్‌చెరు చుట్టుపక్కల కాపురాలు చేసే ఇల్లాళ్ళకు ఇది రోజూ ఉండేదే! సెలవంటే వీరభద్రస్వామి గుడికో, నర్సాపూర్ అడవి దాకానో వెళ్ళి రావడమే. అలాంటిది ఈ మధ్య కాలనీల్లో కొత్త మాట వినిపిస్తోంది. "బోనస్ వస్తే ఈసారి అండమాన్ వెళ్దామంటున్నారండీ!"

వెళ్ళండి. శుభ్రంగా వెళ్ళండి. శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లోపే పోర్ట్‌బ్లెయిర్‌లో దిగొచ్చు. 2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీవిజయపురం. భాష వస్తుందో రాదోనన్న బెంగ కూడా అక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ బోలెడంతమంది. ఆ దీవుల జనాభాలో పదిమందికి ఒకరు పైగా మనవాళ్ళేనంటే నమ్మండి!

అయితే చిక్కల్లా హోటల్ దగ్గరే వస్తుంది. రంగురంగుల ఫొటో చూసి ఏడాది కూడబెట్టిన డబ్బు కట్టేశాక, అక్కడికి వెళ్ళి 'ఇదేమిటి ఇలా ఉంది?' అనుకుంటే లాభమేముంది? కట్టేముందే అడగాల్సినవి అడగండి.

ముందు నెల, తర్వాతే హోటల్

మనకు జూన్‌లో వచ్చే నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను మే మూడో వారానికే పలకరిస్తాయి. అవి తగ్గాయనుకునేసరికి ఈశాన్య వానలు మొదలు. అందుకే దసరా సెలవుల్లో తక్కువ ధరకు గది దొరికిందని సంబరపడకండి. సముద్రం పోటెత్తితే ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్ళే పడవలు ఆగిపోతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారంలో గదుల ధరలు చుక్కలంటుతాయి. పిల్లల బడికి ఇబ్బంది లేకుండా సంక్రాంతి సెలవులైతే అన్నివిధాలా నయం.

ఏ దీవిలో దిగాలి?

పోర్ట్‌బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు తప్పక చూడాలి. కానీ మనం కలగన్న తెల్లని ఇసుక, నీలాల నీళ్ళు ఎక్కువగా ఉండేది హేవలాక్, నీల్ దీవుల్లో. 2018 డిసెంబరులో వీటికి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. టికెట్ల మీద ఏ పేరున్నా కంగారుపడకండి.

హేవలాక్‌లో హోటళ్ళు ఎక్కువ, సందడీ ఎక్కువే. నీళ్ళ అడుగుకు దిగి పగడాలు చూపించే స్కూబా కేంద్రాలూ అక్కడే. కొత్త జంటలకు, ఈడొచ్చిన పిల్లలున్న వాళ్ళకు అది బాగుంటుంది. నీల్ చిన్నది, ప్రశాంతమైనది. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఎంతోసేపు పట్టదు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారినో, అమ్మనో తీసుకెళ్తుంటే నీల్‌లో రెండు రాత్రులు హాయిగా గడిచిపోతాయి.

'బీచ్ రిసార్ట్' అన్నంత మాత్రాన...

అసలు కిటుకు ఇక్కడే ఉంది! సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. హేవలాక్‌లో చాలా రిసార్టులు తూర్పు ఒడ్డున ఉన్నాయి. సూర్యోదయం కనులపండువే. కానీ ఆటు సమయంలో అక్కడ నీళ్ళు దూరంగా వెళ్ళిపోయి, రాళ్ళు, చచ్చిన పగడపు దిబ్బలు బయటపడతాయి. మోకాలి లోతు నీళ్ళలో కాళ్ళు గీరుకుంటూ నడవాలే తప్ప స్నానం కుదరదు. ఫొటో మాత్రం పోటు సమయంలో తీసిందే ఉంటుంది!

ఇక పడమటి ఒడ్డున రాధానగర్ బీచ్. ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని 2004లో టైమ్ పత్రిక మెచ్చుకున్నది దీన్నే. మెత్తని ఇసుక, రాళ్ళ బెడద తక్కువ. అక్కడ హోటళ్ళు కొద్దిగానే ఉన్నాయి, ఖరీదూ ఎక్కువే. మధ్యతరగతి వాళ్ళం ఏం చేయాలంటారా? తూర్పున సాదా కాటేజీ తీసుకుని, రాధానగర్‌కు ఆటోలో వెళ్ళి రావచ్చు. అలా అనుకుని వెళ్ళేవాళ్ళు 'సముద్రానికి ఎదురుగా' అన్న గదికి అదనంగా పోయడం దండగ. కాబట్టి ఫోన్‌లో సూటిగా అడగండి. "మీ ముందున్న ఒడ్డున ఆటు సమయంలోనూ స్నానం చేయొచ్చా? ఇసుకా, రాళ్ళా?" జవాబు నసిగారంటే అర్థం చేసుకోండి.

సంధ్యవేళ సంగతి

మన గడియారమే అక్కడా. కానీ ఆ దీవులు బాగా తూర్పున ఉన్నాయి కదా, చలికాలంలో సాయంత్రం ఐదు, ఐదున్నరకే పొద్దు గూకుతుంది. అందుకని జెట్టీకి, బజారుకు మరీ దూరంగా తోటల మధ్య ఉన్న చవక కాటేజీ తీసుకునేముందు ఆలోచించండి. దారిలో దీపాలున్నాయా? రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉంటాడా? కరెంటు పోతే జనరేటర్ ఉందా? గది తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉందా, బాత్రూమ్ కిటికీకి అద్దం ఉందా? ఆడపిల్లలతో వెళ్ళేవాళ్ళకు, స్నేహితురాళ్ళు కలిసి వెళ్ళేవాళ్ళకు ఇవి ఏసీ కన్నా ముఖ్యం. ఇంతకుముందు బస చేసిన ఆడవాళ్ళు ఏమన్నారో చదివితే సగం తెలిసిపోతుంది.

సముద్రం నుంచి వచ్చాక ఇసుక కడుక్కోవడానికి బయట కొళాయి ఉందేమో, తడి బట్టలు ఆరేసుకునే చోటుందేమో కూడా కనుక్కోండి. చిన్న విషయాలే, కానీ లేకపోతే అవస్థ పడేది మనమే!

భోజనం... మళ్ళీ మన నెత్తినే పడకుండా

సెలవుకు వెళ్ళి కూడా కెటిల్‌లో నూడుల్స్ ఉడికించే పని మీదే అయితే ఇక సెలవెవరికి? ధరలో ఉదయం టిఫిన్ మాత్రమే ఉందా, రాత్రి భోజనం కూడానా అన్నది ముందే రాయించుకోండి. దీవిలో బయట హోటళ్ళు రాత్రి త్వరగా మూసేస్తారు. సోమవారం నీచు ముట్టని పెద్దవాళ్ళుంటే శాకాహారం విడిగా వండుతారా అని అడగండి. పసిపిల్లలకు రాత్రిపూట వేడినీళ్ళు, పాలు దొరుకుతాయో లేదో తెలుసుకోండి.

లెక్క కాగితం మీద వేయండి

హోటళ్ళ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి మారింది. రోజుకు గది అద్దె 7,500 రూపాయల లోపు అయితే 5 శాతం, దాటితే 18 శాతం. 7,000 రూపాయల గదికి పన్ను 350, మొత్తం 7,350. అదే 8,000 గదికి పన్ను 1,440, మొత్తం 9,440! వెయ్యి తేడా అనుకున్నది రెండు వేలు దాటిపోయింది చూశారా? నాలుగు రాత్రులకు ఎనిమిది వేల పైమాటే. ఆ డబ్బుతో పిల్లలకు గాజు అడుగున్న పడవ షికారు చేయించొచ్చు.

అదనపు మంచానికెంత, జెట్టీ నుంచి గదికి బండి వాళ్ళదేనా, పడవ రద్దయి ఒకరోజు ఆలస్యంగా చేరితే డబ్బు వెనక్కిస్తారా అన్నవి కూడా మెయిల్లోనో, వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు. 'ఈ రోజే కడితే సగం ధర' అని తొందరపెట్టే ఏజెంట్ల మాట నమ్మి వ్యక్తిగత ఖాతాకు సొమ్ము పంపకండి. హోటల్ నంబరు విడిగా కనుక్కుని, బుకింగ్ నిజమేనా అని అడిగాకే కట్టండి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

తిరుగు విమానానికి ముందురోజు రాత్రి మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోనే గది తీసుకోండి. అదేరోజు పొద్దున పడవలో వచ్చి విమానం అందుకుందామంటే, గాలి తిరిగిందా... పడవా లేదు, విమానమూ లేదు!

మాల్దీవులైతే?

పెళ్ళిరోజుకు మాల్దీవులు వెళ్దామంటున్నారా శ్రీవారు? మనవాళ్ళకు వీసా అక్కడే ఉచితంగా ఇస్తారు. కానీ అక్కడ చాలా రిసార్టులు ఒక్కొక్కటి ఒక్కో దీవి. బయట హోటల్లో తిందామన్నా వీలుండదు. విమానాశ్రయం నుంచి స్పీడ్ బోటుకో, నీటి విమానానికో చార్జీ విడిగా ఉంటుంది. నీటి విమానాలు పగలే తిరుగుతాయి. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో తలకు రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్. ఇవన్నీ కలిపాకే 'చవక ప్యాకేజీ' అవునో కాదో తేల్చండి.

ఇవీ గుర్తుంచుకోండి

అండమాన్‌లో మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసేచోట మొసళ్ళుంటాయి. 2010లో హేవలాక్‌లో ఒక విదేశీ యువతి మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళలో దిగొద్దు. చీకటి పడ్డాక అసలే వద్దు.

పడవలో కడుపులో తిప్పేవాళ్ళు డాక్టర్నడిగి మాత్రలు తీసుకెళ్ళండి. మందుల కంపెనీల మధ్యే ఉంటున్నా, ఊరెళ్ళేటప్పుడు మర్చిపోయేది మందులే! ఇసుక దోమలకు పూత మందు, అందరి ఆధార్ కార్డులు, కొంత నగదు సంచీలో ఉండాలి. సముద్రంలోకి చీర కన్నా ఒంటికి పట్టి ఉండే పొడుగు చేతుల నూలుకాని దుస్తులు మేలు. తడిస్తే బరువెక్కవు. ముచ్చటగా ఉన్నాయని పగడపు ముక్కలు, శంఖాలు ఏరి తెచ్చుకోకండి, అది నేరం.

ఇల్లు దిద్దుకునే మనకు ఈ లెక్కలేవీ కొత్త కాదు. కూరగాయల దగ్గర వంకాయ పుచ్చో మంచిదో వేలితో నొక్కి చూసేవాళ్ళం, వేలు పోసే గదిని నాలుగు ప్రశ్నలడగలేమా? అడిగి, నచ్చితేనే కట్టండి. ఆ నాలుగు రోజులూ వంటింటి ఊసు లేకుండా, అలల చప్పుడు వింటూ హాయిగా గడిపి రండి!