మోటారు పోలేదండీ, గాలి ఆడట్లేదు

సంక్రాంతికి రంగులు వేయించి ఇల్లంతా దులుపుకున్నాక మా రిపేరు షాపులో వాక్యూమ్ క్లీనర్లు వరస కడతాయి. "మోటారు కాలిపోయినట్టుందండీ, అసలు లాగట్లేదు" అంటారు. విప్పితే మోటారు భేషుగ్గా ఉంటుంది. ఫిల్టరు మీదే పుట్టీ పొడి అట్టకట్టి ఉంటుంది. ఈ మిషనుకు చిత్తుకాగితాలకన్నా మెత్తటి పొడే చెడ్డది. పుట్టీ, సిమెంటు, ముగ్గుపిండి చీపురుతో ఎత్తేయండి. అగరొత్తుల నుసిలో నిప్పు మిగిలుంటే సంచే అంటుకుంటుంది.

మిషను లాగేది గాలిని. దుమ్ము దాని వెంటపడి వస్తుంది. లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు 1901లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు కుర్చీ మీద రుమాలు పరిచి నోటితో గాలి పీల్చి చూశాడట, రుమాలుకు దుమ్ము అంటుకుంది. అతని మిషను గుర్రబ్బండి మీద వీధిలో ఆగితే, గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్లలోకి వెళ్లేవి. ఇప్పుడు మిషను చిన్నదైంది, ఆ రుమాలు ఫిల్టరైంది.

దారి మూసుకుపోతే మోటారు కీచుమంటుంది. పాపం, బరువు లాగలేకపోతోంది అనుకుంటారు. జరిగేది తలకిందులు: లాగడానికి గాలి లేక ఫ్యాను మీద భారం తగ్గి, ఇంకా వేగంగా తిరుగుతోందన్నమాట. మామూలు పొడి రకాల్లో మోటారును చల్లబరిచేదీ ఆ గాలే కాబట్టి వేడెక్కుతుంది. థర్మల్ కటాఫ్ ఉంటే దానంతటదే ఆగుతుంది. అప్పుడు మళ్లీ మళ్లీ స్విచ్చి నొక్కకుండా ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, గొట్టం విప్పండి. ఒక కొసన గోళీ వేస్తే అవతల పడాలి. పడకపోతే ఇనుప ఊచతో పొడవొద్దు, గొట్టం చిల్లుపడుతుంది. మొద్దు కర్రతో మెల్లగా నెట్టండి.

సంచి ముప్పావు నిండగానే తీసేయాలి. కాగితం సంచిని దులిపి మళ్లీ వాడే పొదుపు నాకు నచ్చదు. దాని సన్నటి రంధ్రాలు అప్పటికే పూడిపోయి ఉంటాయి. ఫిల్టరు కడగొచ్చని పుస్తకంలో ఉంటేనే కడగండి. కొన్ని హెపా ఫిల్టర్లు నీళ్లు తగిలితే పనికిరావు. కడిగినదాన్ని కనీసం ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి, చెమ్మతో బిగిస్తే ముక్క వాసన వస్తుంది, మోటారుకూ మంచిది కాదు. తిరిగే బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో అడ్డంగా కోసి లాగేయండి.

నీళ్లు కూడా పీల్చే రకమైతే ముందు కాగితం సంచి తీసేయాలి. తొట్టి నిండగానే లోపలి తేలుడు బంతి పైకి లేచి దారి మూస్తుంది, శబ్దం మారుతుంది. వెంటనే ఆపి పారబోయండి. తొట్టి కడిగి ఆరబెట్టాకే మూత పెట్టండి.

కాలిన వాసన వచ్చినా, గట్టిగా నిప్పురవ్వలు కనిపించినా వాడొద్దు. కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు, అది మా పని. వచ్చేటప్పుడు గొట్టం కూడా తెండి. చాలామంది మిషనొక్కటే మోసుకొస్తారు, అడ్డం పడిందేమో ఇంట్లో ఉన్న గొట్టంలో.