గడపా? కడపా?

సేత్తూరు తెలుగువాళ్ళకు వలస దారి గుర్తులేదు, దాటిన ఏరు గుర్తుంది

మా అవ్వ రాసుకున్న చదివింపుల పుస్తకం నా దగ్గరుంది. లావు దారంతో కుట్టిన నోటుబుక్కు, అట్ట మీద నూనె మరక. ఏ పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారు, మనం తిరిగి ఎంత పెట్టాలి, ఎవరింటి బాకీ తీరింది, అన్నీ అందులో ఉన్నాయి. సేత్తూరులో అందరూ దీన్ని తమిళంలో మొయ్ అంటారు. అవ్వ మాత్రం చదివింపులనే అనేది. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. తెలుగు అక్షరం ఆమెకు ఒక్కటీ రాదు. హైదరాబాదులో ఉద్యోగం దొరికేదాకా నాకూ రాదు.

ఆఖరి పేజీలో లెక్కలతో సంబంధం లేని వాక్యం ఒకటుంది. ‘మావాళ్ళు కడప దాటి వచ్చినారు.’

తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. కాబట్టి అది కడప అయినా కావచ్చు, గడప అయినా కావచ్చు. ఊరు దాటి వచ్చారని రాసిందా? ఇంటి గడప దాటి వచ్చారని రాసిందా? కడపకు ఆ పేరే గడప నుంచి వచ్చిందని, అది తిరుమలకు గడప అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అది తెలిశాక నా చిక్కు ఇంకా పెరిగింది.

సేత్తూరు రాజపాళయం నుంచి తెన్‌కాశికి పోయే రోడ్డు మీద, పడమటి కనుమల కింద ఉంది. పాళెగాళ్ళ కాలం నాటి జమీన్ ఊరు. ఈ చుట్టుపక్కల తెలుగు వినపడటం వింత కాదు. రాజపాళయం రాజులు, నాయుళ్ళు, దేవాంగులు, అరుంధతీయులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 42 లక్షల 34 వేలకు పైనే. ఎప్పుడొచ్చారంటే పెద్దవాళ్ళు చెప్పేది ఒకటే మాట: విజయనగరం కాలంలో. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మదురైలో నాయకరాజ్యం నిలబెట్టి, దేశాన్ని 72 పాళెములుగా పంచాడన్నది పుస్తకాల్లో ఉన్న చరిత్ర. ఇళ్ళల్లో అది లేదు. ఇళ్ళల్లో ఉన్నది ఇంటిపేరు.

1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా పుట్టింది రాజపాళయంలోనే. ఆ ‘పి’ పూసపాటి. విజయనగరం గజపతుల ఇంటిపేరూ అదే. ఏ శతాబ్దంలో, ఏ దారిన వచ్చారో చెప్పలేని మనుషులు అన్ని వందల మైళ్ళ జ్ఞాపకాన్ని ఒక పొడి అక్షరంలో దాచుకున్నారు. నాకు ఇది చాలా గొప్ప సంగతి.

వంగిన చెట్టు

దారి మరిచిపోయినవాళ్ళు చెట్టును మరిచిపోలేదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల సంపుటాల్లో తొట్టియ నాయకుల కథ ఉంది. పరాయి పాలకుడు ఆడపిల్లనిమ్మంటాడు. ఇవ్వలేక రాత్రికి రాత్రి ఊరు వదిలేస్తారు. ఎదురుగా ఏరు పొంగుతుంది. రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి వంతెనవుతాయి. కన్నడం మాట్లాడే కప్పిలియన్లూ ఇదే కథ చెప్పుకున్నారు. కులం వేరు, భాష వేరు, ఏరూ చెట్టూ మాత్రం అవే.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామం’ నవలలో ఈ వలసనే ఒక పండు ముసలమ్మ నోట చెప్పించాడు. 1976లో వచ్చిన పుస్తకమది. రాసింది తమిళంలో. మన వలస జ్ఞాపకానికి దొరికిన అంత మంచి ఇల్లు తెలుగు లిపిలో లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. అంతకన్నా పెద్ద బాధ ఒకటుంది. నాయుళ్ళ వలసకు నవల ఉంది, రాజులకు ఇంటిపేర్లున్నాయి. చెప్పులు కుట్టి, వీధులు ఊడ్చి బతికిన అరుంధతీయులూ అదే తెలుగును మోసుకుంటూ ఇంత దూరం వచ్చారు. వాళ్ళ అవ్వలను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు ఎందరు?

అవ్వ పుస్తకం చూస్తుంటే నాకొకటి అర్థమైంది. చదివించినవాళ్ళకు తిరిగి పెట్టాలి గనక ఐదు రూపాయలైనా రాసిపెట్టుకున్నాం. ఎక్కడినుంచి వచ్చామన్నది ఎవరికీ బాకీ లేం, ఎవరూ వచ్చి అడగరు. అందుకే అది నోటి మీద వదిలేశాం. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తెలుగు అక్షరాలు నేర్చే పిల్లలు ఇంకా తగ్గారు. ఇప్పుడు అవ్వల నోరే మిగిలింది.

ఆఖరి రెండేళ్ళు

మా అవ్వకు మతిమరుపు వచ్చింది. ముందు మనవళ్ళ పేర్లు పోయాయి, తర్వాత తాత పోయిన సంగతి పోయింది. ఆ తర్వాత తమిళం పోయింది. అరవై ఏళ్ళు పక్కింట్లో ఉన్న ఆవిడ వచ్చి తమిళంలో పలకరిస్తే, ఎవరో అని నా మొహం చూసేది. తెలుగులో ‘కూడు తింటివా?’ అంటే మాత్రం వెంటనే బదులిచ్చేది. మతిమరుపు కొత్త జ్ఞాపకాల్ని ముందు పట్టుకుంటుందని, పాతవాటి దగ్గరికి ఆఖరున పోతుందని ఫ్రాన్సులో తియోడ్యూల్ రిబో 1881లోనే రాశాడు. నేను దాన్ని మా వసారాలో చూశాను.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమెతో పనిచేసినవాళ్ళు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక అధ్యయనం ప్రకటించారు. వాళ్ళలో 391 మందికి ఒకటికన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే వీళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం అంటూ అవ్వ ఒక జీవితమంతా తిరిగింది. ఆ తిరుగుడు ఆమెకు నాలుగైదేళ్ళు సంపాదించి పెట్టి ఉంటుందేమో. ఉంటే, ఆ ఏళ్ళలో నేను ఆమెను ఏమీ అడగలేదు.

పుస్తకం నా కంటపడేసరికి ఆలస్యమైంది. అయినా పక్కన కూర్చుని ఆ వాక్యం చదివాను. ముందు కడప అని చదివాను. వింటున్నట్టే లేదు. తర్వాత గడప అన్నాను. అవ్వ తలెత్తి వాకిలి వైపు చూసింది.

“ఈపొద్దు శుక్రవారం కదా,” అంది. “పసుపు పూసినారా?”

పూయలేదు. లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చాను.