పాటలో అయిదు నిమిషాలు... దారిలో పది రోజులు!

నల్లటి ఇసుక. రెక్కలూడిపోయిన ఓ పాత విమానం. దాని మీద షారుఖ్ ఖాన్, కాజోల్. 2015లో వచ్చిన ‘దిల్‌వాలే’లో ‘గేరువా’ పాట గుర్తుందా? సినిమా కథ మరిచిపోయినవాళ్ళు కూడా ఆ చోటుని మరిచిపోలేదు. అది స్టూడియోలో వేసిన సెట్టింగ్ కాదు. అసలు సిసలు ఐస్‌లాండ్!

మొన్న ఆదివారం నా స్నేహితుడొకడు కొత్త పెళ్ళికూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంట్లో వాలాడు.

“గురూ! హనీమూన్‌కి ఐస్‌లాండ్ వెళ్తున్నాం. నాలుగే రోజులు. ఆ విమానం మీద ఓ ఫోటో, ఆ నల్ల ఇసుకలో కెరటాలకి వీపు పెట్టి ఇంకో ఫోటో. సినిమాల గురించి రాసేవాడివి కదా, ప్లాను నువ్వే గీసివ్వాలి” అన్నాడు.

కాఫీలు వచ్చేలోగా మ్యాపు తీసి బల్ల మీద పరిచాను. ఆ రోజు వాళ్ళకి చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను. మీలో ఎంతమంది అదే కల కంటున్నారో!

కింద పొయ్యి, పైన మంచు

ఐస్‌లాండ్ విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణకన్నా కొంచెం చిన్నది. జనం మాత్రం నాలుగు లక్షల లోపే! భూమి పైపొరలో రెండు పెద్ద పలకలు ఆ దీవి కిందే ఏడాదికి దాదాపు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. ఆ సందులోంచి లావా పైకొస్తుంది. పైన చూస్తే నేలలో పదో వంతు మంచుపలకలే. అందుకే ఒకే ప్రయాణంలో లావా మైదానాలు, పొగలు కక్కే వేడినీటి బుగ్గలు, జలపాతాలు, మంచుకొండలు అన్నీ కనిపిస్తాయి.

హాలీవుడ్‌వాళ్ళు ఊరికే వెళ్ళరు కదా! 1985లో విడుదలైన సినిమా కోసమే జేమ్స్ బాండ్ యూనిట్ యోకుల్సార్లోన్ అనే మంచు సరస్సుకి వెళ్ళింది. 2002లో ‘డై అనదర్ డే’ కోసం మళ్ళీ వెళ్ళి, సముద్రపు ఉప్పునీరు లోపలికి రాకుండా సరస్సు మూతికి అడ్డుకట్ట వేయించారు. నీరు గడ్డకట్టాక దాని మీద కార్లు పరుగెత్తించారు! 2014 నాటి ‘ఇంటర్‌స్టెల్లార్’లో కనిపించే మంచు గ్రహం కూడా ఈ దీవిలోని ఓ హిమానీనదమే.

ఎడిటర్ కత్తిరించిన కిలోమీటర్లు

పాటలో కాజోల్ చీర కొంగు ఇలా ఎగిరితే జలపాతం, అలా ఎగిరితే నల్ల ఇసుక. మధ్య దూరమంతా ఎడిటర్ కత్తెరకి బలి! మనకా సౌకర్యం లేదు. రాజధాని రేక్యావిక్ నుంచి స్కోగాఫాస్ జలపాతం దాదాపు 150 కిలోమీటర్లు. నల్ల ఇసుక తీరం పక్కనున్న విక్ అనే ఊరు 185. జేమ్స్ బాండ్ సరస్సు ఏకంగా 370.

అంచేత నాలుగు రోజులే ఉంటే దక్షిణ తీరం వెంట సరస్సు దాకా వెళ్ళి వెనక్కి రండి. దీవి మొత్తం చుట్టాలంటే 1974లో పూర్తయిన రింగ్ రోడ్డు ఉంది. పొడవు 1,300 కిలోమీటర్ల పైమాటే. దానికి ఎనిమిది నుంచి పది రోజులు పెట్టుకోండి. తారు రోడ్డు మీద కూడా గంటకి 90 కిలోమీటర్లు దాటకూడదు. దీవి నడిమధ్య కొండదారులు వేసవిలోనే తెరుస్తారు, అదీ ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్ళకే.

“అన్నయ్యగారూ, ఆకాశంలో పచ్చగా వెలుగులు ఆడతాయటగా! అవీ చూడాలి, పగలు హాయిగా తిరగాలి. ఎప్పుడెళ్ళాలి?” అని అడిగింది పెళ్ళికూతురు.

మంచి ప్రశ్న! జూన్‌లో వెళ్తే రాత్రన్నమాటే ఉండదు, ఇహ ఆ వెలుగులెక్కడివి? డిసెంబరులో వెళ్తే పగలు నాలుగయిదు గంటలే. సెప్టెంబరులో రెండూ దొరికే అవకాశం ఉంది. మబ్బు పట్టకపోతేనే సుమా!

కొంగు కాదు, కారు తలుపు ఎగురుతుంది

అక్కడి గాలి మన సినిమావాళ్ళ పెద్ద ఫ్యానులాంటిది కాదు. అజాగ్రత్తగా తీస్తే కారు తలుపు విరిగిపోతుంది! అద్దె కారు తీసుకునేటప్పుడు గాలికి, ఇసుకకి జరిగే నష్టం ఇన్సూరెన్స్‌లోకి వస్తుందో రాదో ముందే అడగండి. బండి కుడివైపు నడపాలి. ఇక్కడి లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ కూడా పట్టుకెళ్ళండి. షిఫాన్ చీర పెట్టెలో పెట్టుకోండి గానీ, దాని పైన వాన కోటు, కింద గట్టి బూట్లు ఉండాలి.

వీసా షెంగెన్‌దే. తిండి, బస బాగా ఖరీదు. కొళాయి నీళ్ళు మాత్రం భేషుగ్గా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. మరో సంగతి. విమానాశ్రయం ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పంలో 2021 నుంచి అగ్నిపర్వతాలు పదేపదే రేగుతున్నాయి. 2023 నవంబరులో గ్రిండావిక్ ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించారు. బయల్దేరే ముందు అక్కడి వాతావరణ శాఖ ప్రకటన చూడటం తప్పనిసరి.

ఫ్రేములో కనపడనిది

ఇప్పుడు మావాడు అడిగిన ఆ రెండు ఫోటోల సంగతి.

ఆ విమానం అమెరికా నౌకాదళానిది. 1973 నవంబరులో అత్యవసరంగా దిగింది. అదృష్టం, అందులో అందరూ బతికారు. 2016 నుంచి అక్కడికి సందర్శకుల కార్లని వెళ్ళనివ్వడం లేదు. నడిచి వెళ్తే రానుపోను ఏడు కిలోమీటర్ల పైనే. దారిలో చెట్టూ లేదు, నీడా లేదు. 2020 జనవరిలో చలిగాలుల్లో ఇద్దరు చైనా యాత్రికులు ఆ ప్రాంతంలోనే ప్రాణాలు విడిచారు.

ఇక నల్ల ఇసుక తీరం, రేనిస్‌ఫియారా. అక్కడ దక్షిణాన వేల కిలోమీటర్ల దాకా సముద్రానికి అడ్డుగా నేల లేదు. పది కెరటాలు బుద్ధిగా వచ్చి వెనక్కి పోతాయి. పదకొండోది చెప్పాపెట్టకుండా మీద పడి లాక్కుపోతుంది. నీళ్ళు గడ్డకట్టేంత చల్లన, తీరం దాటగానే లోతు. 2022లో అక్కడ హెచ్చరిక దీపాలు పెట్టారు. అయినా 2025 ఆగస్టులో తొమ్మిదేళ్ళ పాపని కెరటం మింగేసింది.

మావాడు కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

“షారుఖ్ సముద్రానికి వీపు పెడితే కెమెరా వెనక యూనిట్ సముద్రాన్నే చూస్తూ ఉంటుంది. నువ్వు వీపు పెడితే ఎవరు చూస్తారోయ్?” అన్నాను.

వాడు మాట్లాడలేదు. పెళ్ళికూతురే అంది, “నేను చూస్తాను. అయినా వీపు పెట్టడమెందుకు, దూరంగా ఎత్తు మీద నిలబడి ఇద్దరం సముద్రంవైపే చూస్తున్నట్టు తీయించుకుంటాం. అదే బాగుంటుంది.”

ఆ దీవికీ మన వల్ల ప్రమాదం ఉంది సుమండీ! 2015లో జస్టిన్ బీబర్ ఓ పాట వీడియో కోసం ఫ్యాద్రార్‌గ్లూఫుర్ లోయలో తిరిగాడు. దాంతో అభిమానులు తండోపతండాలుగా వెళ్ళి నాచుని తొక్కి బురద చేశారు. 2019లో కొన్నాళ్ళు లోయనే మూసేశారు. లావా మీద పెరిగే ఆ నాచు ఒకసారి చితికితే మళ్ళీ పట్టడానికి దశాబ్దాలు కావాలి. అందుకే గీసిన బాట దాటకండి. రోడ్డు దిగి బండి నడిపితే భారీ జరిమానా.

సాయంత్రానికి ప్లాను మారింది. నాలుగు రోజులు ఎనిమిదయ్యాయి, జూన్ పోయి సెప్టెంబరు వచ్చింది. లిస్టులో విమానం పక్కన పెళ్ళికూతురు తన చేత్తో “గాలి లేకపోతేనే” అని రాసింది.

గుమ్మం దగ్గర మావాడు చెవిలో అన్నాడు, “మా డైరెక్టర్ చాలా స్ట్రిక్టు గురూ!”

అలాంటి డైరెక్టర్ ఉంటే మరీ మంచిది. అక్కడ రీటేకులుండవు మరి!