కారు మీద నురగ, బకెట్ అడుగున ఇసుక

ఆషాఢం గాలి లేచిందంటే కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఆరేసిన బట్టల్ని మళ్లీ ఉతుక్కోవాల్సిందే. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం, ఏ వీధిలోనైనా కిటికీ రెక్కల మీద, తులసికోట గట్టు మీద, వాకిట్లో నిలబెట్టిన కారు మీద ఒకే రకం బూడిద రంగు పొడి. అది సైనైడ్ గుట్టల నుంచి వచ్చిన పొడి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కానీ నూటఇరవై ఏళ్ల పాటు రాయిని పిండిచేసి, బంగారం తీసుకుని, పారబోసిన సుమారు 3.3 కోట్ల టన్నుల పొడి ఊరిని అంటిపెట్టుకుని గుట్టలుగా అలాగే ఉంది.

ఇలాంటి ఊళ్లో కారు కడగడం సోకు కాదు, అవసరం. అందుకే చేతితో గాలి కొట్టే ఫోమ్ స్ప్రేయర్ ఇక్కడివాళ్లకు నచ్చే వస్తువు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, పైన పంపు పిడి, ముందు నురగ కక్కే ముక్కు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. అయితే దాని గురించి తలా ఒక మాట చెబుతారు. అందులో ఏది నిజమో, ఏది కాదో చూద్దాం.

అపోహ 1: దుమ్మే కదా, పొద్దున్నే పొడిగుడ్డతో దులిపేస్తే చాలు. నురగ ఎందుకు?

వాస్తవం: అన్ని ఊళ్ల దుమ్మూ ఒకటి కాదు. కోలారు బంగారం దొరికింది పలుగురాతి సిరల్లో. ఆ రాయిని మిల్లుల్లో దంచి, మెత్తగా నూరి, సైనైడ్ ద్రావణంలో నానబెట్టి బంగారాన్ని విడదీసేవారు. మిగిలిన పొడి వేళ్ల మధ్య మైదాలా తగులుతుంది. కానీ అది పిండి కాదు, రాతి ముక్కలు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద పలుగురాయి స్థానం 7. మామూలు గాజుది ఐదున్నర దగ్గర. గాజునే గీసే రాయికి కారు రంగు ఒక లెక్కా?

కారు రంగు మీద మెరుపు కోసం వేసే క్లియర్ కోట్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. అంటే తలవెంట్రుక కన్నా పలచన. పొడిగుడ్డతో దులిపిన ప్రతిసారీ మనం చేసేది ఆ పొర మీద ఉప్పుకాగితం రుద్దడమే. ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తే అవి తయారీ లోపం కాదు, రోజూ పొద్దున మనం చేసిన సేవే.

ఈ సంగతి గని పనివాళ్లకు బాగా తెలుసు. రాయికి బెజ్జం వేసేటప్పుడు నీళ్లు పట్టడం గని పనిలో ఒక నియమం. పొడిగా లేచిన రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. కేజీఎఫ్‌లో ఆ జబ్బుకు మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. అందుకే దుమ్మును ముందు తడపాలి, ఆ తర్వాతే ముట్టాలి. కారు విషయంలోనూ ఇదే సూత్రం. ఫోమ్ స్ప్రేయర్ అసలు పని కూడా ఇదే.

అపోహ 2: నురగ ఎంత చిక్కగా ఉంటే కారు అంత శుభ్రం

వాస్తవం: బుడగలో ఎక్కువ భాగం గాలి. మురికిని వదిలించేది బుడగ గోడలో ఉన్న సబ్బునీరు. వట్టి నీళ్లు చల్లితే నిలువుగా ఉన్న తలుపు మీద నుంచి వెంటనే జారిపోతాయి. నురగైతే కాసేపు పట్టుకుని ఉంటుంది. ఆ కాసేపట్లో దుమ్ము నాని, రంగు మీద పట్టు వదులుతుంది. చేతిపంపు నురగ మోటారు యంత్రాల నురగలా మీగడకట్టదు, మజ్జిగ నురగలా పలచగా వస్తుంది. దిగులు పడనక్కర్లేదు. మూడు, నాలుగు నిమిషాలు ఆరకుండా ఉంటే దాని పని అయినట్టే. ఆరిపోయిందా, నానిన మురికి మళ్లీ అక్కడే అంటుకుంటుంది. కాబట్టి నీడ చూసుకోండి. ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే అది కడిగే వేళ కాదు.

అపోహ 3: సీసా నిండా నింపి, పిడి కదలనంత వరకూ కొడితే నురగ బాగా వస్తుంది

వాస్తవం: జరిగేది దీనికి తలకిందులు. నురగకు నీళ్లతో పాటు గాలీ కావాలి. పంపు కొట్టినప్పుడు సీసా పైభాగంలో గాలి నొక్కుకుపోతుంది. ఆ ఒత్తిడి సబ్బునీళ్లను గొట్టంలోకి తోస్తుంది. చాలా స్ప్రేయర్లలో ఆ గాలే కొంత నీళ్లతో కలిసి, ముక్కులోని జాలీ గుండా దూరి నురగవుతుంది. మెడ దాకా నీళ్లు నింపితే గాలికి చోటుండదు, పిచికారీ నీళ్లే వస్తాయి. మూడింట రెండు వంతులు నింపి ఆపండి. సగంలో నురగ పలచబడితే షాంపూ పోయక్కర్లేదు, మరో పది సార్లు పంపు కొట్టండి.

బాగా కొట్టిన సీసా లోపల ఒత్తిడి దాదాపు కారు టైరులో ఉన్నంత ఉంటుంది. అందుకే మంచి స్ప్రేయర్లకు అదనపు గాలిని వదిలే వాల్వు పెడతారు. ఆ వాల్వు గాలి వదలడం మొదలుపెడితే పంపు ఆపాలి. దాన్ని వేలితో మూసి ఇంకా కొట్టకూడదు. నింపిన సీసాను ఎండలో వదిలి వెళ్లవద్దు. గాలి పూర్తిగా వదిలాకే మూత తిప్పాలి, లేదంటే మూత ముఖం మీదికి రావచ్చు.

అపోహ 4: నురగ కొట్టి నీళ్లు పోస్తే సరి, చెయ్యి పెట్టక్కర్లేదు

వాస్తవం: నురగతో వదులుగా ఉన్న దుమ్ము పోతుంది. లారీల పొగతో కలిసి పట్టిన జిడ్డు పొర పోదు. నీళ్లు పోసి ఆరాక తలుపు మీద వేలితో గీసి చూడండి, తేడా తెలుస్తుంది. నురగతో నానబెట్టి, నీళ్లతో జార్చి, ఆ తర్వాతే మెత్తటి మైక్రోఫైబర్ తొడుగుతో తుడవాలి. బకెట్లు రెండు ఉండాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో తొడుగు జాడించడానికి మంచినీళ్లు. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాల దగ్గరి మట్టి అన్నిటికన్నా గరుకు. మాలూరు వైపు ఇటుక బట్టీల దారిలో తిరిగే కార్లకైతే మరీను. దాన్ని తుడిచిన గుడ్డ మళ్లీ బానెట్ ఎక్కకూడదు.

అపోహ 5: సైనైడ్ దుమ్ము రంగును తినేస్తుంది

వాస్తవం: పేరు భయపెడుతుంది కానీ కారు రంగుకు చేటు చేసేది సైనైడ్ కాదు. ఎండకు, గాలికి విడి సైనైడ్ విరిగిపోతూ, ఆవిరైపోతూ ఉంటుంది. రంగుకు శత్రువు ముందు చెప్పుకున్న రాతి గరుకే. అలాగని గుట్టలు నిరపాయమని అనుకోవద్దు. ఆ పొడి కారు కన్నా మనకే ఎక్కువ కీడు. చీపురుతో, ఈకల కుంచెతో పొడిగా దులిపితే కారు మీద దుమ్ము నేరుగా ముక్కులోకి వస్తుంది. పిల్లల చేత ఆ పని అసలే చేయించకండి.

అపోహ 6: సబ్బు ఏదైనా సబ్బే. సర్ఫ్ పొడి, గిన్నెల లిక్విడ్ ఏదైనా పోసుకోవచ్చు

వాస్తవం: ఒక్కసారి గిన్నెల లిక్విడ్‌తో కడిగినంత మాత్రాన రంగు ఊడిపోదు. ఆ భయమూ అపోహే. కానీ ఆ లిక్విడ్‌ను తయారు చేసిందే జిడ్డు విరగ్గొట్టడానికి. కారు మీద కాపుదలగా వేసిన వాక్స్‌ను కూడా అది జిడ్డు కిందే లెక్కగడుతుంది. బట్టల సబ్బు పొడికి క్షారగుణం ఎక్కువ. పైగా పూర్తిగా కరగని పలుకులు ముక్కులోని జాలీకి అడ్డం పడతాయి. కారు షాంపూనే వాడండి, అదీ కొలతతో. డబ్బా మీద 1:50 అని ఉంటే లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు. అంతకు రెండింతలు పోస్తే మురికి రెండింతలు పోదు, జాడించడానికి పోసే నీళ్లు మాత్రం పెరుగుతాయి.

అపోహ 7: టమాటా తోటకు మందు కొట్టే పంపు ఇంట్లో ఉందిగా, అదే చాలు

వాస్తవం: కోలారు జిల్లాలో టమాటా పండించే దాదాపు ప్రతి ఇంట్లోనూ మందు పంపు ఉంటుంది. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లాగే ఉంటాయి, పని మాత్రం వేరు. మందు పంపు ముక్కు ద్రవాన్ని సన్నటి తుంపరగా విరగ్గొడుతుంది, గాలితో కలిపి నురగ చేయదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. పురుగుమందు, కలుపుమందు ఆనవాళ్లు గొట్టంలో, రబ్బరు వాషర్లలో ఎన్ని సార్లు కడిగినా మిగలవచ్చు. చేతులతో తాకే తలుపు పిడి మీద వాటిని చల్లుకోవడం ఎందుకు? కారు సీసాను తోటకు, తోట పంపును కారుకు మార్చకండి.

అపోహ 8: ఆరాక తెల్ల మచ్చలు మిగిలాయంటే షాంపూ నాసిరకం

వాస్తవం: చాలాసార్లు నేరం నీళ్లది. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా మనది. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగుతున్నాయి. లోతు నుంచి వచ్చే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. నీటిబొట్టు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. ఆ మిగిలినదే తెల్ల మచ్చ. మందు చాలా చిన్నది: కడగ్గానే, ఆరకముందే, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దేయండి.

ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తాం. ఫ్లోరైడ్ బెడద వల్ల మన పల్లెల్లో ఆర్వో కేంద్రాలు వెలిశాయి, ఇళ్లలోనూ ఆర్వో యంత్రాలు పెట్టుకున్నాం. వాటి నుంచి బయటికి పోయే వృథా నీటిని కారుకు వాడటం మంచి ఆలోచనే. కానీ శుద్ధి చేసిన నీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా చేరేది ఆ వృథా నీటిలోకే. కాబట్టి మొదట దుమ్ము తడపడానికి, చక్రాలు కడగడానికి దాన్ని వాడుకోండి. చివరి జాడింపుకు వద్దు. దానికి వాననీళ్లు పట్టి పెట్టుకుంటే అంతకు మించినది లేదు.

అపోహ 9: ఫోమ్ స్ప్రేయర్ కొంటే నీళ్లు వాటంతట అవే ఆదా అవుతాయి

వాస్తవం: స్ప్రేయర్‌లో నింపేది లీటరున్నర లోపు నీళ్లు. ఖర్చయ్యేది అక్కడ కాదు, ఆ తర్వాత వదిలే పైపులో. ఒకసారి పైపు కింద బకెట్ పెట్టి గడియారం చూడండి. పదిహేను లీటర్ల బకెట్ నిమిషంలో నిండిందా, పది నిమిషాల జాడింపుకు 150 లీటర్లు పోయినట్టే. అదే పని చెంబుతో, మూడు బకెట్లతో చేస్తే 45 లీటర్లలో తేలుతుంది. 2024 వేసవిలో బెంగళూరు నీటి మండలి తాగునీటితో కార్లు కడగరాదని ఆంక్ష పెట్టి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. గనుల కాలం నుంచీ నీళ్ల కోసం బేతమంగళం చెరువు వైపు చూసిన ఊరికి నీటి విలువ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అపోహ 10: నురగ కాలువలో పడితే కరిగి మాయమైపోతుంది

వాస్తవం: బుడగ పగులుతుంది, దాన్ని పుట్టించిన రసాయనం నీళ్లలోనే ఉంటుంది. దీనికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులు నింపే కె.సి. వ్యాలీ పథకం నీళ్లు 2018లో వచ్చినప్పుడు, లక్ష్మీసాగర చెరువు దగ్గర తెల్లగా నురగ పొంగింది. రైతులు కలవరపడ్డారు, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. అటు బెంగళూరులోని బెళ్లందూరు చెరువు మీద మంచుగడ్డల్లా తేలిన నురగకు ఒక కారణం మన ఇళ్ల సబ్బు, డిటర్జెంట్లే. డబ్బా మీద ‘బయోడీగ్రేడబుల్’ అని రాసి ఉన్నా, విరిగిపోవడానికి దానికీ సమయం కావాలి. షాంపూ తక్కువ వాడండి. కాలువలోకి, చెరువులోకి, బావి పక్కకు వదలకండి.

ఇంతా చదివి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ముందు తడి, తర్వాత చెయ్యి. స్ప్రేయర్ ఖరీదైనదా, నురగ చిక్కనిదా అన్నవి ఆ తర్వాతి మాటలు. ఆ సీసా లేకపోయినా రెండు చెంబుల నీళ్లతో ఈ సూత్రం పాటించవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. కారు కడిగాక తొడుగు జాడించిన బకెట్‌ను వెంటనే ఒంపేయకుండా అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. పైనున్న నీళ్లను మెల్లగా వంచేయండి. అడుగున బూడిద రంగు సన్నటి ఇసుక కనిపిస్తుంది. చిటికెడు తీసి పనికిరాని గాజు ముక్క మీద రుద్ది చూడండి. మన తాతలు పాతాళం నుంచి పైకి తెచ్చిన రాయే అది. దాని పదును ఇంకా తగ్గలేదు.