విద్యుదావేశముల నడిమి బలము



చలికాలపు ఉదయమున పొడితలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, దానిని చిన్న కాగితపు ముక్కల చేరువకు దెచ్చినచో అవి యెగిరి దువ్వెన నంటుకొనుట మీరు చూచియే యుందురు. రాపిడిచే దువ్వెన పొందిన విద్యుదావేశమే యిందులకు కారణము. ఆవేశము ధనమనియు, ఋణమనియు ద్వివిధము. సజాతులు ఒకదానినొకటి తొలగద్రోయును, విజాతులు ఆకర్షించును. ఆ బలమెంత యనునదే నేటి ప్రసంగ విషయము.

ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలి దినములలో, “దూరము సగమైనచో బలము రెట్టింపగును” అని తరగతిలో చెప్పితిని. నేను లీలావతీగణితము చదివినవాడను. ఒకటి తగ్గగా మరియొకటి పెరుగుచున్నది గనుక ఇది వ్యస్తత్రైరాశికమే యని తలచితిని. ఒక బాలుడు లేచి, “రెట్టింపు కాదండీ మాస్టారూ, నాలుగు రెట్లండీ” అనెను. వానిని గద్దించి కూర్చుండబెట్టితిని. ఆ రాత్రి గ్రంథము తెరచి చూడగా బాలుని మాటయే సత్యము.

ఈ నియమమును 1785వ సంవత్సరమున ప్రయోగముచే చూపినవాడు కూలుంబు అను ఫ్రెంచి సైనిక ఇంజనీరు. అతడు సన్నని వెండితీగకు తేలికయైన పుల్లను అడ్డముగా వ్రేలాడగట్టి, దాని కొనకు చిన్న బెండుగుండు నమర్చెను. ప్రక్కనే కదలని మరియొక గుండును నిలిపి, రెంటికిని ఒకే జాతి ఆవేశము నొసగెను. గుండ్లు 36 డిగ్రీలు ఎడమైనవి. తీగకు పడిన పురియు 36 డిగ్రీలే. పిమ్మట తీగను పైనుండి త్రిప్పి యెడమును 18 డిగ్రీలకు తగ్గింపగా పురి మొత్తము 144 అయ్యెను. ఎడము 8½ కాగా పురి 575½. పురి యెంతయో బలమంత. ఎడము సగమైన బలము నాలుగింతలు. ఇంచుమించు నాలుగవ వంతైన పదునారింతలు. కావున ఇచట వ్యస్తమైనది దూరము కాదు, దూరముయొక్క వర్గము.

లెక్క యిట్లు చేయవలెను. రెండు ఆవేశములను కూలుంబులలో గ్రహించి గుణింపవలెను. ఆ లబ్ధమును 900 కోట్లచే గుణించి, మీటర్లలోని దూరముయొక్క వర్గముచే భాగింపవలెను. వచ్చిన ఫలము న్యూటనులలో బలము. ఒక న్యూటను సుమారు 102 గ్రాముల బరువునకు సమానము.

కూలుంబులో పదిలక్షలవ వంతును మైక్రోకూలుంబందురు. 2, 3 మైక్రోకూలుంబుల ఆవేశములు ఒక మీటరు దూరమున నున్నవనుకొందము. 2ను 3చే గుణింప 6. దానిని 900 కోట్లచే గుణింప 5400 కోట్లు. పదిలక్షలవ వంతులు రెండు చేరుటచే లక్ష కోట్లచే భాగింపవలెను. ఫలము 0.054 న్యూటను, అనగా సుమారు అయిదున్నర గ్రాముల బరువు. దూరము అర మీటరైనచో దాని వర్గము పావు, బలము 0.216 న్యూటను, సుమారు 22 గ్రాములు. ఈ లెక్క గాలిలోగాని శూన్యమునగాని నిశ్చలముగానుండి, నడిమి దూరముతో పోల్చిన మిక్కిలి చిన్నవైన వస్తువులకే చెల్లును.

మరునాడు నల్లబల్లపై నా వాక్యమును నేనే కొట్టివేసి, ఆ బాలునిచేతనే సరియైన లెక్క వ్రాయించితిని. మీ మనుమలు మీ మాట కెదురు చెప్పినపుడు వెంటనే గద్దింపక, ముందుగా లెక్క వేయించి చూడుడని నా మనవి.