పాదాలు ఆగినా నడక ఆగలేదు

బరోక్ కాలపు కీబోర్డు సంగీతంలో సూట్ అంటే ఒకే శ్రుతి ఆధారంగా కూర్చిన నాట్యాల వరస. అలమాండ్, కురాంట్, సారబాండ్, జీగ్ అనే నాలుగూ దానికి మూలస్తంభాలు. వియన్నా ఆస్థాన విద్వాంసుడు ఫ్రోబెర్గర్ (1616–1667) వేసిన ఈ బాటను బాఖ్ శిఖరానికి చేర్చాడు. ఆయన పార్టీటాలని పిలిచిన తన ఆరు సూట్‌లను 1726 నుంచి ఒక్కొక్కటిగా అచ్చువేసి, 1731లో ఒకే పుస్తకంగా తెచ్చాడు. వాటిని ఇంట్లో కూర్చుని వాయించుకునేవారి కోసమే రాశాడు, ఆడేవారి కోసం కాదు. అందుకే వీటిలో నాట్యం పేరుకే మిగిలిందని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆ నాట్యమే ఈ సంగీతానికి వెన్నెముక అనిపిస్తుంది.

అందుకు మొదటి సాక్ష్యం వాద్యమే. ఈ సూట్‌లను వాయించిన హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే ఈకతో చేసిన చిన్న ముల్లు లోపలి తీగను మీటుతుంది. వేలు ఎంత గట్టిగా వేసినా, ఎంత మెత్తగా వేసినా ధ్వని దాదాపు ఒకటే. పియానోలో లాగా ఒక స్వరాన్ని బిగ్గరగా పలికించి 'ఇదీ ముఖ్యం' అని చెప్పే వీలు లేదు. ఆ పని కాలం చేయాలి: ఒక స్వరాన్ని కాస్త నిలపడం, దాని ముందు రవ్వంత ఖాళీ వదలడం, ఒక అలంకారం చేర్చడం. ఎక్కడ నిలపాలో, ఎక్కడ వదలాలో చెప్పేది నాట్యపు నడకే. సారబాండ్‌నే చూడండి. స్పెయిన్‌లో ఒకప్పుడు అది హుషారైన ఆటపాట. అసభ్యమని 1583లో నిషేధించారు కూడా. ఫ్రాన్స్ రాజాస్థానం చేరాక వేగం తగ్గి గంభీరమైంది. మూడు దెబ్బల తాళంలో రెండో దెబ్బ మీద బరువు పడటం దాని గుర్తు. హాండెల్ డి మైనర్ సూట్‌లోని సారబాండ్‌లో మొదటి దెబ్బ పొట్టిగా తేలిపోతుంది, రెండోది నిలిచిపోతుంది. ముందుకు వేసిన అడుగు నేల తాకి ఆగినట్టే ఉంటుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఆడే అలమాండ్ వేరు, వాయించే అలమాండ్ వేరని బాఖ్ కాలంవాడే అయిన సంగీత సిద్ధాంతకర్త మాథెసన్ స్పష్టంగా రాశాడు. బాఖ్ జీగ్‌లైతే మరీ చిక్కనివి. ఐదో ఫ్రెంచ్ సూట్ చివరి జీగ్‌లో ఒక గొంతు ఎత్తుకున్న బాణీని మిగతావి ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి. రెండో భాగంలో అదే బాణీ తలకిందులై వస్తుంది. దానికి అడుగులు వేయడం ఎవరి తరం? ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ అల్లిక అంతా మూడేసి స్వరాల గుంపులతో గంతులేసే నడక మీదే నిలబడి ఉంది. ఆ గంతు తీసేసి వాయిస్తే మిగిలేది వేళ్ల కసరత్తు. అలమాండ్ నాట్యానికి దూరమైన మాట నిజమే, కానీ ఒక్క అలమాండ్‌ను చూసి సూట్ మొత్తానికి తీర్పు చెప్పలేం.

హాండెల్ సారబాండ్ దొరికితే, వినేటప్పుడు తొడ మీద చేత్తో మూడు దెబ్బల లెక్క వేసుకోండి. రెండో దెబ్బ దగ్గర చెయ్యి తనంతట తానే ఆగుతుంది.